క్రియోన్‌ది మూర్ఖత్వమా, మొండితనమా, పంతమా?

సందేహం: ప్రాచీన గ్రీకు నాటకాల మీద వ్యాసం రాస్తూ, సోఫోక్లీస్ ‘యాంటిగొనీ’లోని క్రియోన్‌ను ‘మూర్ఖుడైన రాజు, విషాదాంత నాయకుడు’ అన్నాను. మూర్ఖుడంటే తెలివిలేనివాడనీ, క్రియోన్ అలాంటివాడు కాదనీ మా సహాధ్యాయి అభ్యంతరం చెప్పింది. మా ఊళ్లో ఎవరి మాటా విననివాణ్ని మూర్ఖుడనే అంటాం. ఇంకొకరు ‘ధీరోద్ధతుడు’ అనమన్నారు. ఏది సరైనది? ‘విషాదాంత నాయకుడు’ అనవచ్చా?

సమాధానం: మీ సహాధ్యాయి చెప్పిందీ నిజమే, మీ ఊరి వాడుకా నిజమే. సంస్కృతంలో మూర్ఖుడంటే తెలివిలేనివాడు. తెలుగులో ఆ మాటకు ‘చెప్పినా విననివాడు’ అనే అర్థం కూడా స్థిరపడింది. ‘ఒట్టి మూర్ఖుడు, ఎంత చెప్పినా వినడు’ అంటున్నప్పుడు మనం ఆ మనిషి తెలివిని తూచడం లేదు, అతని పట్టును తిడుతున్నాం. ఇసుమున తైలం తీయవచ్చన్న సుభాషితాన్నే చూడండి. భర్తృహరి శ్లోకంలో ఉన్నది ‘ప్రతినివిష్ట మూర్ఖజన చిత్తం’. ప్రతినివిష్ట అంటే పట్టిన పట్టు విడవని అని అర్థం. అక్కడ మొండితనానికి ఒక మాట, తెలివిలేమికి ఒక మాట ఉన్నాయి. ఏనుగు లక్ష్మణకవి దాన్ని ‘చేరి మూర్ఖుని మనసు రంజింపరాదు’ అని తెనిగించాడు. మొదటి మాట పోయింది, దాని బరువు కూడా మూర్ఖుడే మోశాడు. ఆ పద్యం నోటికి వచ్చినవాళ్లకు రెండు అర్థాలూ ఒకే మాటలో వినిపించడంలో వింత లేదు.

అయినా మీ వ్యాసంలో ఆ మాట వద్దంటాను. కారణం నాటకంలోనే ఉంది. కన్నులేని జోస్యుడు టైరీసియస్ క్రియోన్‌ను హెచ్చరిస్తూ, పట్టు విడవకపోవడం మనిషికి తెలివిమాలినవాడన్న నింద తెచ్చిపెడుతుందంటాడు. ఆ గుణానికి అక్కడ సోఫోక్లీస్ వాడిన మాట ‘ఔథాదియా’. తనకు నచ్చిందే తప్ప మరొకటి ఒప్పుకోని గుణం అది. తెలివిమాలినతనానికి వేరే మాట వాడాడు. ఆ రెంటినీ విడిగా నిలిపి, మొదటిది రెండోదానికి దారితీస్తుందని చెప్పడంలోనే ఆ వాక్యం బలమంతా ఉంది. మీరు రెంటినీ కలిపి మూర్ఖత్వం అనేస్తే, టైరీసియస్ ‘మూర్ఖత్వం మూర్ఖత్వమవుతుంది’ అన్నట్టు తేలుతుంది. ఒక గొప్ప హెచ్చరిక అర్థం లేని మాటగా మిగిలిపోతుంది.

మరి ఏ మాట వాడాలి? కథ ఒకసారి తలచుకుందాం. థీబ్స్ సింహాసనం కోసం పోరాడిన ఈడిపస్ కొడుకులిద్దరూ ఒకరి చేతిలో ఒకరు చనిపోతారు. రాజ్యం మేనమామ క్రియోన్‌కు వస్తుంది. నగరం మీదికి దండెత్తి వచ్చిన పాలినైసీస్ శవాన్ని ఎవరూ పాతిపెట్టకూడదని, పెడితే మరణదండనేనని అతడు శాసిస్తాడు. చెల్లెలు యాంటిగొనీ ఆ శాసనాన్ని ధిక్కరించి అన్న శవం మీద మట్టి చల్లుతుంది. రాజు ముందు నిలబెట్టినప్పుడు తాను చేయలేదని అనదు, క్షమించమనీ అడగదు. తండ్రిలాగే కరడుగట్టిన పిల్ల, కష్టాలకు తలవంచడం ఎరగదు అంటుంది నాటకంలో బృందగానం చేసే థీబ్స్ వృద్ధుల బృందం. ఇది మొండితనం. ‘మొండివాడు రాజుకన్నా బలవంతుడు’ అన్న మన సామెతకు ఆమెకన్నా పెద్ద ఉదాహరణ నాకు తోచదు. చావుకు సిద్ధపడ్డ మనిషి మీద రాజు దగ్గర వేరే ఆయుధం ఉండదు.

క్రియోన్‌ది అది కాదు. అతనిది పంతం. మొండితనానికి ఎదుటి మనిషి అక్కర్లేదు, ఒంటరిగా ఉన్నా మొండివాడు మొండివాడే. పంతం మాత్రం ఎవరో ఒకరి మీద పట్టేది. క్రియోన్ తన కొడుకు హేమోన్‌తో చెప్పే మాటలు చదవండి. పడిపోక తప్పకపోతే మగవాడి చేతిలో పడిపోవడం మేలు, ఆడవాళ్లకంటే అల్పులమన్న పేరు రాకూడదంటాడు. అక్కడితో శాసనం సంగతి వెనక్కి పోయింది, నెగ్గడమే మిగిలింది. హేమోన్ యాంటిగొనీకి కాబోయే భర్త. అతడు తండ్రిని ఎదిరించే ముందు ఎంతో నెమ్మదిగా నచ్చజెప్పుతాడు. వరదలో వంగిన చెట్లు కొమ్మలతో సహా నిలుస్తాయి, ఎదురొడ్డినవి వేళ్లతో సహా పోతాయంటాడు. ఒక్కడి సొత్తయిన నగరం నగరమే కాదంటాడు. తండ్రికి వీటిలో ప్రేమ వినపడదు, ఒక స్త్రీ పక్షం వినపడుతుంది. పంతం పట్టినవాడి చెవులు ఇలాగే పనిచేస్తాయి.

ఇంకో ఆధారం ఉంది. యాంటిగొనీని శిక్షగా గుహలో సజీవంగా మూయించిన క్రియోన్ చివరికి లొంగుతాడు. టైరీసియస్ హెచ్చరించి వెళ్లిపోయాక భయపడి, వృద్ధులు చెప్పినట్టు చేయడానికి ఒప్పుకుంటాడు. ముందు పిల్లను గుహలోంచి విడిపించు, ఆ తర్వాత శవానికి సమాధి కట్టు అని వారు వరుస కూడా చెప్పారు. అతడు ముందు శవం దగ్గరికి వెళ్లాడు. గుహకు చేరేసరికి యాంటిగొనీ ఉరివేసుకుంది. హేమోన్ కత్తితో పొడుచుకుంటాడు, ఆ వార్త విని రాణి యూరిడిసీ కూడా ప్రాణాలు తీసుకుంటుంది. పంతం వదిలినా కాలం అతనికి కలిసిరాలేదు. అంతా ముందే తెలిసినా, ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ అతడు గుహ వైపే మొదట నడవాలని మనసు కొట్టుకుంటుంది. క్రియోన్ మీద జాలి పుట్టేదీ ఇక్కడే. అతణ్ని ముందే మూర్ఖుడని కొట్టిపారేసిన పాఠకుడికి ఆ జాలి దక్కదు.

పట్టుదల అనే మాట ఈడిపస్‌కు దాచి ఉంచండి. అతని కథగా సోఫోక్లీస్ రాసిన మరో నాటకంలో, ఇక వెతకవద్దని భార్య యొకాస్తా బతిమాలుతున్నా తన పుట్టుక సంగతి తేల్చుకోవాల్సిందే అంటాడు చూడండి, అక్కడ పట్టుదల తప్ప వేరే మాట ఇమడదు. అదే ఈడిపస్ టైరీసియస్ మీద విరుచుకుపడేటప్పుడు ఆ మాట వాడలేం.

ఇక ‘ధీరోద్ధతుడు’. సంస్కృత నాటకశాస్త్రం విభజించి చెప్పిన నాయకుల రకాల్లో ఇదొకటి. పదో శతాబ్దం నాటి ధనంజయుని ‘దశరూపకం’లో ఈ నాయకుడి లక్షణాలు స్పష్టంగా ఉన్నాయి. దర్పం, మాత్సర్యం, అహంకారం, చండత్వం, ఆత్మస్తుతితో పాటు మాయ, కపటం, చపలత్వం కూడా వాటిలో ఉన్నాయి. క్రియోన్‌కు దర్పం ఉంది, కోపం ఉంది. మాయ లేదు, కపటం లేదు. శాసనాన్ని అందరి ముందూ చాటాడు. పైగా స్థిరత్వాన్నీ దృఢవ్రతాన్నీ ఆ గ్రంథం ధీరోదాత్తుడనే మరో రకం నాయకుడికి గుణాలుగా చెప్పింది. కాబట్టి పట్టు విడవకపోవడాన్నిబట్టి ధీరోద్ధతుడనడం శాస్త్రానికే విరుద్ధం. అసలు ఆ విభజన నాయకుడికి చివర ఫలప్రాప్తి కలిగే నాటకాలను దృష్టిలో పెట్టుకున్నది. భాసుని ‘ఊరుభంగం’లో దుర్యోధనుడు రంగం మీదే ప్రాణం విడుస్తాడు గానీ, అలాంటివి మనకు అరుదు.

‘విషాదాంత నాయకుడు’ సమాసంగా తప్పు కాదు. విషాదం అంతంగా గలవాడు అని క్రియోన్‌కు సరిపోతుంది. కానీ గ్రీకు ట్రాజెడీ నాయకులందరికీ ఆ పేరు పెడితే చిక్కు వస్తుంది. క్రీ.పూ. 409లో ప్రదర్శించిన సోఫోక్లీస్ ‘ఫిలొక్టెటీస్’ చూడండి. కాలి పుండుతో దీవిలో వదిలేసిన గ్రీకుల మీద కసితో, ఎవరెంత చెప్పినా ట్రాయ్‌కి రానని భీష్మించుకున్న వీరుడి కథ అది. చివర హెరాక్లీస్ ప్రత్యక్షమై చెబితే ఒప్పుకుంటాడు, అతని పుండు మానబోతుంది. అందులో ఎవరూ చావరు. అయినా అది ట్రాజెడీయే. అందుకని ‘విషాద నాటక నాయకుడు’ అనండి, లేదా తెలుగులో బాగా నలిగిన ‘ట్రాజెడీ’ మాటనే ఉంచి ‘ట్రాజెడీ నాయకుడు’ అనండి. మీ వాక్యాన్ని ‘పంతానికి పోయి, ఆలస్యంగా లొంగిన రాజు’ అని మారిస్తే క్రియోన్‌కు న్యాయం జరుగుతుంది.