ముసలి పిల్లిని ఒకరి చేతిలో పెట్టే ముందు

బుజ్జమ్మా,

నీ మెసేజ్ రాత్రే చూశాను, ఇంక నిద్ర పట్టలేదు. మీ బెంగాల్ పిల్లికి పదకొండేళ్ళు, మంచం మీదా ఉతికిన బట్టల మీదా ఉచ్చ పోస్తోంది, మొన్న పూజ గది గుమ్మంలో పోస్తే మీ అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, అల్లుడుగారికి ట్రాన్స్‌ఫర్, ఎవరికైనా ఇచ్చేస్తాను పెద్దమ్మా అని రాశావు. ఇవ్వడం తప్పని నేను అనను. మీ అత్తగారి బాధ కూడా బాధే. కానీ అది ఎందుకు పోస్తోందో తెలుసుకోకుండా ఇవ్వొద్దు, తెలిసింది దాచిపెట్టి అసలే ఇవ్వొద్దు.

నేను దాచి ఇచ్చాను. నువ్వప్పుడు చిన్నదానివి, మా మూలాపేట ఇంట్లో బూడిదరంగు గండుపిల్లి ఉండేది. ముసలిదై బట్టల మీద పోస్తుంటే విసుగొచ్చి, కావలిలో తెలిసినవాళ్ళు అడిగారని, కాస్త అల్లరి చేస్తుంది అంతే అని చెప్పి పంపేశాను. నాలుగో రోజుకి వాళ్ళ పరుపు పాడైంది, మేడ మీద కట్టేశారు, తాడు తెంపుకుని పోయింది. నేను పోయి రెండు రోజులు ఆ వీధుల్లో దాని గిన్నె మీద చెంచాతో కొడుతూ తిరిగాను. దొరకలేదు. తర్వాత ఆలోచిస్తే తట్టింది, ఆఖరి రెండు నెలలూ అది బాత్రూంలో బకెట్ దగ్గరే కూర్చుని నీళ్ళు నాకుతూ ఉండేది, ఎండలకి అనుకున్నాను. ముసలి పిల్లి అన్నేసి నీళ్ళు తాగుతోందంటే కిడ్నీ జబ్బో, షుగరో, థైరాయిడో చూపించాలి. నాకప్పుడు చెప్పేవాళ్ళు లేరు.

మీ ఇంట్లో అందరూ హైబ్రిడ్ పిల్లి గదా, అడవి రక్తం, అందుకే ఇట్లా అంటున్నారట. బెంగాల్ జాతి ఎట్లా వచ్చిందో నువ్వే నాకు చెప్పావు, ఆసియా అడవుల్లో తిరిగే లెపర్డ్ క్యాట్‌ని ఇంటిపిల్లితో కలిపారని, అమెరికాలో జీన్ మిల్ అనే ఆవిడ 1963లో మొదలుపెట్టారని. నిజమే, మొదటి రెండు మూడు తరాల పిల్లుల్లో ఆ అడవి గుణం గట్టిగానే ఉంటుంది, ఉచ్చకి పెట్టే ట్రే అలవాటు కావడం కూడా కష్టమే. నీది ఎన్నో తరాల తర్వాతది. పైగా పదేళ్ళు శుభ్రంగా ట్రేలో పోసి పదకొండో ఏట మానేసింది. అడవి రక్తం పదేళ్ళు ఆగి రాదమ్మా, జబ్బు వస్తుంది.

కాబట్టి ముందు రక్తం, మూత్రం రెండూ పరీక్ష చేయించు. కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్, షుగర్, థైరాయిడ్, బీపీ, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో కల్చర్, రాళ్ళున్నాయేమో స్కానింగ్. పళ్ళు కూడా చూడమను. ఈ జాతిలో గుండె కండరం మందమయ్యే జబ్బు కనిపిస్తుంటుంది, మత్తు ఇవ్వాల్సొస్తే ముందు గుండె చూడమని అడుగు. ఒంగోలులో అన్నీ కుదరకపోతే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకుపో, లేదంటే మద్రాసు వేపేరిలోని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి. ఒకటి బాగా గుర్తుపెట్టుకో: నీది మగపిల్లి, ట్రేలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే మూత్రనాళం మూసుకుపోయిందేమో, రేపు చూద్దాం అనుకోవద్దు, ఆ పూటే డాక్టర్ దగ్గరికి పరిగెత్తు. నొప్పి అని పారాసెటమాల్ ముక్క కూడా వెయ్యొద్దు, ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం పోవడానికి.

నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. ట్రే అంచు దాని ఛాతీ దాకా ఉంది. ముందుకాళ్ళు లోపల పెట్టింది, వెనక కాలు ఎత్తబోయి దించేసింది, మళ్ళీ ఎత్తింది, దించింది, అప్పుడు వెనక్కి తిరిగి పక్కనున్న పట్టా మీద పోసింది. ట్రే ఎక్కడుందో దానికి తెలుసు, ఎక్కలేకపోయింది. మోకాళ్ళ నొప్పులతో నేను బస్సు మెట్టు దగ్గర ఎట్లా ఆగిపోతానో అట్లాగే ఆగింది. బట్టలు నానేసే వెడల్పాటి టబ్బు ఒకటి కొని, ఒక పక్క మూడు వేళ్ళ ఎత్తుకి కోయించి, అంచు గీసుకోకుండా నున్నగా రుద్దించు. వాసన కలపని సన్నటి లిట్టర్, అదే ట్రేలో వేసే ఇసుకలాంటిది, రెండంగుళాలు పొయ్యి. ఒక్క పిల్లికైనా రెండు ట్రేలు ఉండాలి, దూరందూరంగా, తిండి గిన్నె పక్కన కాకుండా. అందులో పోసింది పొద్దునా సాయంత్రమూ ఎత్తెయ్యి.

పోసిన చోట ఫినాయిల్ కొట్టడం ఇవాళే ఆపించు. ఫినాల్ జాతి మందుల్ని పిల్లి కాలేయం అరిగించుకోలేదు, పాదాలకి అంటింది నాకితే విషమే. డెట్టాల్ కూడా వద్దు. పెంపుడు జంతువుల షాపులో ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది, తడి ఒత్తేసి, అది పోసి నానబెట్టి, దానంతటదే ఆరనివ్వు. మన ముక్కుకి తెలియకపోయినా దానికి వాసన మిగిలుంటే మళ్ళీ అక్కడికే వస్తుంది.

ఒక నెల ఇట్లా చేసి చూడు. పూర్తిగా మానకపోవచ్చు. కానీ తీసుకునేవాళ్ళకి చెప్పడానికి నీ దగ్గర నిజం ఉంటుంది, ఇదీ జబ్బు, ఇదీ మందు, నెలకి ఇంత ఖర్చు, ఇట్లాంటి ట్రే పెడితే పోస్తుంది, వారంలో ఇన్నిసార్లు బయట పోస్తుంది అని. విని వెనక్కి తగ్గేవాళ్ళని తగ్గనీ. మచ్చలు బాగున్నాయి, వీడియోలు తీద్దాం అనేవాళ్ళకి వద్దు, పసిపిల్లలూ కుక్కా ఉన్న ఇంటికి వద్దు. ఇదివరకు ముసలి పిల్లిని చివరిదాకా చూసుకున్న మనిషి దొరికితే, వాళ్ళ ఇంటికి వెళ్ళి కిటికీలకి జాలీ ఉందా, అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నారా చూసుకో. బెంగాల్ ముసలిదైనా ఎత్తులెక్కాలంటుంది, అరుస్తుంది, మనిషి కోసం తిరుగుతుంది, అదీ చెప్పు. డబ్బు అడగొద్దు, వీలైతే మందుల ఖర్చు నువ్వే కొంత పంపు. టీకాల పుస్తకం, రిపోర్టులు, అదే ట్రే, అదే లిట్టర్, ఉతకని నీ పాత దుప్పటి ఒకటి దాంతో పంపించు, మొదటి రెండు వారాలు ఒకే గదిలో ఉంచమను. కుదరకపోతే ఎప్పుడైనా నాకే తెచ్చివ్వండి అని కాగితం మీద రాసివ్వు.

కొత్తపట్నం తీసుకెళ్ళి చేపల రేవు దగ్గర వదిలేస్తే బతికేస్తుందని ఎవరో అన్నారని రాశావు. ఆ మాట ఇంట్లో మళ్ళీ రానీయకు. ఫ్యాన్ కింద పెరిగిన ముసలి ప్రాణం, ఆ కుక్కల మధ్య ఏమైపోతుంది? కారణం లేకుండా అట్లా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

ట్రాన్స్‌ఫర్ లోపల ఎవరూ కుదరకపోతే నా దగ్గరికి తీసుకురా. వెనక వసారాకి జాలీ కొట్టిస్తున్నాను, మేస్త్రీతో మాట్లాడాను. ఈలోపల ట్రే ఒకటి కడిగి ఆరబెట్టి, లిట్టర్ వెయ్యకుండా ఖాళీగా పెట్టు, పొద్దున్నే అందులో పోస్తే సిరంజితో తీసి సీసాలో పట్టి వెంటనే డాక్టర్‌కి ఇవ్వు. రిపోర్టు రాగానే ఫొటో తీసి పంపించు, ఆదివారం నేను రైలెక్కి వస్తాను.

మీ పెద్దమ్మ