ఆడిన మ్యాచ్‌లన్నీ ఓడాం, కెప్టెన్‌ని మార్చాలా?

అనంతపురంలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఈ సీజన్‌లో వాళ్ల కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఫైనలియర్ వాళ్లు కెప్టెన్‌ని మార్చాలని పట్టుబడుతున్నారు. ఆటలు చూసే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ పట్టించుకోవడం లేదు. ఇంట్లో ఆట మానేసి చదువుకోమంటున్నారు. టీమ్‌లో ఉండాలా, వద్దా?

తమ్ముడూ, ఉండు. కెప్టెన్‌ని మాత్రం ఇప్పుడు కదిలించొద్దని మీ సీనియర్లకు చెప్పు.

నేనూ ఇదే ఊళ్లో డిగ్రీ చదివాను, కాలేజీ టీమ్‌కి గోల్‌కీపర్‌గా ఆడాను. ఒక ఏడాది మేమూ వరసబెట్టి ఓడాం. ఓడిపోయే టీమ్‌లో కీపర్ బతుకెలా ఉంటుందో ఆడినవాళ్లకే తెలుస్తుంది. ప్రతి గోల్ తర్వాతా బంతి తెచ్చేది వాడే. మాకు నెట్ కూడా ఉండేది కాదు కాబట్టి కాంపౌండ్ గోడ దాకా పరిగెత్తాలి. బంతి గోడ దాటి కంపల్లో పడిందంటే ఇక ఆ రోజుకు బంతి లేనట్టే.

మా వాళ్లూ సీజన్ మధ్యలో కెప్టెన్‌ని మార్చారు. పాత కెప్టెన్ గుత్తి నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. పదవి పోయాక ప్రాక్టీసుకు రావడం మానేశాడు. వాడితో పాటు అదే రైల్లో వచ్చే మరో ఇద్దరూ మానేశారు. తర్వాతి మ్యాచ్‌కి పదకొండు మందిని పోగుచేయడానికి హాస్టల్ గదుల తలుపులు తట్టాల్సి వచ్చింది. కాలేజీ టీమ్‌లో కెప్టెన్ అంటే వ్యూహాలు రచించే మనిషేం కాదు, పొద్దున్నే ఫోన్లు చేసి జనాన్ని గ్రౌండుకు చేర్చేవాడు. ఆ పని చేసేవాణ్ణి పోగొట్టుకుంటే టీమే ఉండదు.

మాకు అసలు దారి చూపించింది బీకాం చదివే ఒక సబ్‌స్టిట్యూట్. కాలు బెణికి బయట కూర్చున్నప్పుడు, అకౌంట్స్ నోట్‌బుక్ వెనక పేజీలో మూడు గీతలు కొట్టి మాకు పడిన ప్రతి గోల్‌నూ రాశాడు: ఎన్నో నిమిషంలో పడింది, ఏ పక్క నుంచి వచ్చింది, అంతకు ముందు బంతి మనలో ఎవరి కాలి దగ్గర పోయింది. ఎవరూ రాయమనలేదు, వాడికి ఊసుపోక. నాలుగైదు మ్యాచ్‌లయ్యాక ఆ పేజీ చూస్తే అందరం నోరు మూసుకున్నాం. అప్పటిదాకా ఫార్వర్డ్‌లు గోల్ కొట్టడం లేదని బ్యాక్‌లు, బ్యాక్‌లు నిలబడటం లేదని ఫార్వర్డ్‌లు తిట్టుకుంటున్నారు. పేజీలో కనిపించింది వేరే. మొదటి సగంలో మేం ఎవరికీ తీసిపోవడం లేదు. గోల్స్‌లో సగానికి పైగా అరవయ్యో నిమిషం దాటాకే పడ్డాయి, అందులోనూ ఎక్కువ మా కుడి పక్క నుంచే.

కుడి పక్క రైట్‌బ్యాక్‌గా ఆడేది కబడ్డీ టీమ్ నుంచి లాక్కొచ్చిన కుర్రాడు. ఒంట్లో బలం బాగా ఉంది, ఎవడొచ్చి గుద్దినా కదలడు. కానీ లైన్ వెంబడి పైకీ కిందికీ గంటన్నర పరిగెత్తే అలవాటు లేదు. గంట గడిచేసరికి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవాడు. తప్పు వాణ్ణి అక్కడ నిలబెట్టినవాళ్లది. వాణ్ణి మధ్యలో స్టాపర్‌గా, అంటే గోల్ ముందు నిలబడి అడ్డుకునేవాడిగా వేసి, సన్నగా ఉండి బాగా పరిగెత్తే ధర్మవరం కుర్రాణ్ణి కుడి పక్కకు పంపాం.

ఇది మేం కనిపెట్టిందేమీ కాదులే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన దేశం మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. కోచ్ మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీమ్. కెప్టెన్ చునీ గోస్వామి ఫైనల్ దాకా కెప్టెన్‌గానే ఉన్నాడు. రహీమ్ సాబ్ మార్చింది మనుషులు ఆడే చోటు. తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా ఎదురైతే 2-1తో గెలిచి స్వర్ణం తెచ్చారు. మొదటి గోల్ పీకే బెనర్జీది, రెండోది ఆ జర్నైల్ సింగ్‌దే.

ఇక అరవై నిమిషాల తర్వాత కూలబడటం గురించి. చాలా కాలేజీల్లో యూనివర్సిటీ సర్క్యులర్ వచ్చాకే ఫుట్‌బాల్ గుర్తొస్తుంది. ఉన్న కొద్ది రోజులూ షూటింగ్ ప్రాక్టీస్ చేసి మైదానంలోకి దిగుతాం. అవతల టీమ్‌లో మన ఊళ్లోని ఆర్డీటీ సంస్థ స్పోర్ట్స్ విలేజ్‌లో చిన్నప్పటి నుంచి నేర్చుకున్న పిల్లలు ముగ్గురున్నా చాలు, చివరి అరగంట మనల్ని పరిగెత్తించి చంపుతారు. వాళ్లతో ఓడిపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. స్టామినా మాత్రం నెల రోజుల్లో కొంతైనా పెరుగుతుంది. రోజూ ఆఖరి ఇరవై నిమిషాలు, బాగా అలిసిపోయాక, చిన్న మ్యాచ్ ఆడండి. అలిసిన కాళ్లతో పాస్ ఇవ్వడం అలవాటు కావాలి.

తిండి సంగతి కూడా చెప్పాలి, నవ్వొద్దు. మ్యాచ్ పదింటికైతే మేం ఎనిమిదిన్నరకు ఉగ్గాని, బజ్జీ తినేవాళ్లం. ఉగ్గాని మీద నాకేం కోపం లేదు, ఇప్పటికీ ఆదివారం అదే టిఫిన్. కానీ నూనె బజ్జీలు కడుపులో పెట్టుకుని మన ఎండలో పరిగెత్తితే సెకండాఫ్‌లో వాంతి వచ్చినట్టుంటుంది. అరటిపండ్లు, ఇడ్లీ చాలు. నీళ్లు హాఫ్‌టైమ్‌లో ఒక్కసారే గటగటా తాగకుండా, ఓఆర్‌ఎస్ కలిపిన బాటిళ్లు సైడ్‌లైన్ దగ్గర పెట్టుకుని బంతి బయటికి పోయినప్పుడల్లా రెండు గుక్కలు తాగండి. ఎండ ఎక్కువగా ఉంటే నీళ్ల కోసం ఆట ఆపడానికి ఫుట్‌బాల్ రూల్స్‌లోనే వీలుంది. టోర్నమెంట్ వాళ్లు ఒప్పుకుంటారేమో మ్యాచ్ మొదలవక ముందే రిఫరీని అడగండి.

బంతి దగ్గర కూడా చాలామంది పొరబడతారు. సైకిల్ షాపులో గాలి కొట్టించి రాయిలా చేస్తారు. రూల్ ప్రకారం బంతిలో గాలి ఒత్తిడి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ దాకా ఉండొచ్చు. మన ఎర్రమట్టి గట్టి నేల మీద ప్రాక్టీసుకు తక్కువ వైపు ఉంచితేనే బంతి అదుపులో ఉంటుంది. నా తల మీద నుంచి ఎగిరిపోయిన గోల్స్‌లో కొన్ని ఆ రాతి బంతి పుణ్యమే.

పీడీ సార్ మీద కోపం తగ్గించుకోండి. చాలా కాలేజీల్లో అన్ని ఆటలకూ ఆయనొక్కరే, గ్రౌండ్ కోసం క్రికెట్ వాళ్లూ ఆయన ప్రాణమే తీస్తుంటారు. "సార్, మమ్మల్ని పట్టించుకోవట్లేదు" అంటే ఆయన మాత్రం ఏం చేస్తారు? "సార్, వారంలో మూడు సాయంత్రాలు గ్రౌండ్, రెండు బంతులు, ఒక పంపు" అని కాగితం మీద రాసి, అందరూ సంతకాలు పెట్టి ఇవ్వండి. మాకు బంతులు రెండూ వచ్చాయి, పంపు రాలేదు.

ఇవన్నీ చేశాక గెలిచామా అంటే, ఆ సీజన్‌లో లేదు. ఒకటి డ్రా చేశాం, ఆఖరిది ఒక్క గోల్ తేడాతో ఓడాం. ఆ రెండు మ్యాచ్‌ల్లో చివరి అరగంటలో పడింది ఆ ఒక్క గోలే. నా లెక్కలో అది పెద్ద విషయం.

ఇంట్లో వాళ్లకు చెప్పడానికి ఒకటుంది. కాలేజీ ఓడిపోయినంత మాత్రాన నీ దారి మూసుకుపోదు. యూనివర్సిటీ టీమ్‌కి ఎంపిక ఆటగాణ్ణి చూసి చేస్తారు, ఆ టీమే సౌత్‌జోన్ ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు వెళ్తుంది. ఓడిన టీమ్‌లో బ్యాక్‌లు, కీపర్ చేతినిండా పనితో ఉంటారు కాబట్టి సెలక్టర్ల కంట్లో పడే అవకాశం వాళ్లకే ఎక్కువ. మా వాళ్లలో ఆ ఏడాది సెలక్షన్ క్యాంపుకు పిలుపొచ్చింది స్టాపర్‌గా మారిన కబడ్డీ కుర్రాడికే. నువ్వు వెళ్లేటప్పుడు పదో తరగతి మెమో, బోనఫైడ్, ఫొటోలు ముందురోజే సర్దిపెట్టుకో. అక్కడ జిరాక్స్ షాపు వెతుక్కుంటూ వార్మప్ పోగొట్టుకున్న వాళ్లను చూశాను.