మేట్‌వాన్: చదును నేల కోసం కొట్టుకున్న ఊరు

మీ ప్రశ్న ఇది: "అపలాచియన్ కొండల్లో నది ఒడ్డున ఉండే ఏదైనా ఒక చిన్న ఊరి చరిత్ర, భూగోళం అక్కడ ఉన్నవాళ్లు చెప్పగలరా? పనిగట్టుకుని వెళ్లి చూడదగ్గదేనా?"

నేనైతే మేట్‌వాన్ పేరు చెప్తాను. వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో మింగో కౌంటీలో ఉంటుంది. 2020 జనాభా లెక్కల్లో ఐదు వందల మంది కూడా లేరు. పక్కనే పారే నది పేరు టగ్ ఫోర్క్. నదికి ఇటు వెస్ట్ వర్జీనియా, అటు కెంటకీ.

నాకు ఆ ఊరు ఎలా తెలుసంటే, నేను డాక్టర్‌ని. జే-1 వీసా (శిక్షణకు వచ్చే విదేశీయులకు ఇచ్చేది) మీద రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో డాక్టరు శిక్షణ, చేసినవాళ్లు అది అయిపోగానే రెండేళ్లు స్వదేశానికి వెళ్లిపోవాలి. అది వద్దనుకుంటే డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. అలా కెంటకీ వైపు పైక్ కౌంటీకి వచ్చి పడ్డాను. ఆ కొండల్లోని చిన్న ఆసుపత్రుల్లో మనవాళ్లు చాలామంది ఇదే దారిలో వచ్చినవాళ్లే. నా పేషెంట్లలో సగం మంది గని కార్మికులు, లేదా వాళ్ల ఇళ్లవాళ్లు. నేను పెరిగింది గోదావరిఖనిలో, నాన్నది సింగరేణి ఉద్యోగం. అందుకే వాళ్లు చెప్పే కంపెనీ ఇళ్లు, షిఫ్టులు, దగ్గు నాకు కొత్తగా అనిపించలేదు. కొత్తగా అనిపించిందల్లా నేల.

అక్కడ చదును నేల లేదు. ఇది నిజంగానే చెప్తున్నాను. అపలాచియన్ అనగానే పెద్ద పెద్ద శిఖరాలు ఊహించుకోకండి. ఈ భాగం అసలు ఒక పీఠభూమి. వాగులు, నదులు లక్షల ఏళ్లుగా దాన్ని కోసుకుంటూ పోయాయి. మిగిలినవే ఈ కొండలు. అందుకే అన్నీ దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి, మధ్యలో సన్నటి లోయలు. ఇలాంటి పక్క లోయను అక్కడివాళ్లు 'హాలర్' అంటారు. నిలబడ్డానికి, ఇల్లు కట్టుకోవడానికి, కూరగాయలు వేసుకోవడానికి ఉన్నదంతా నది పక్కన పట్టీలాంటి కాస్త నేల. చలికాలంలో ఎండ కొండ దాటి వచ్చేసరికి పొద్దెక్కిపోతుంది, మధ్యాహ్నం దాటాక మళ్లీ కొండ వెనక్కి పోతుంది. మొదటి శీతాకాలం నాకు చాలా బెంగగా ఉండేది.

బొగ్గు సంగతి కూడా దీనితోనే ముడిపడి ఉంది. మా ఖనిలో బొగ్గు కోసం భూమిలోకి దిగాలి. ఇక్కడ పొరలు అడ్డంగా పరుచుకుని ఉన్నాయి, వాగులు కొండను కోసినప్పుడు ఆ పొరల అంచులు కొండ పక్కన బయటపడ్డాయి. కాబట్టి చాలా గనులు బావుల్లా ఉండవు. కొండలోకి అడ్డంగా తవ్వుకుంటూ పోయిన సొరంగాల్లా ఉంటాయి. బొగ్గు కొండలో ఉంది, సరే. మరి పనివాళ్లను ఎక్కడ ఉంచాలి? పట్టాలు ఎక్కడ వేయాలి? ఆ నది పక్కన పట్టీలోనే. మేట్‌వాన్ చరిత్రంతా ఆ పట్టీ ఎవరిది అన్న తగాదాగానే నాకు కనిపిస్తుంది.

ఊరు పుట్టకముందే అక్కడ ఒక ఘోరం జరిగింది. హాట్‌ఫీల్డ్, మెకాయ్ కుటుంబాల పగ గురించి మీరు వినే ఉంటారు. హాట్‌ఫీల్డ్‌లు ఎక్కువగా వెస్ట్ వర్జీనియా వైపు, మెకాయ్‌లు కెంటకీ వైపు. 1882 ఆగస్టులో ఎన్నికల రోజున ముగ్గురు మెకాయ్ అన్నదమ్ములు ఎల్లిసన్ హాట్‌ఫీల్డ్‌ను కత్తులతో పొడిచారు. ఆ ముగ్గురినీ హాట్‌ఫీల్డ్‌లు పట్టుకొచ్చి, ఇప్పటి మేట్‌వాన్ దగ్గర నదిలో కలిసే మేట్ క్రీక్ వాగు పక్కన ఒక బడిలో ఉంచారు. ఎల్లిసన్ చనిపోయాడని తెలిశాక నది దాటించి, అవతలి ఒడ్డున పాపా చెట్లకు కట్టి కాల్చేశారు. (పాపా అంటే మన సీతాఫలం కుటుంబంలోని చెట్టే. పండు గుజ్జు కూడా కాస్త అలాగే ఉంటుంది, సెప్టెంబర్‌లో దొరుకుతుంది.)

సినిమాల్లో, టీవీల్లో దీన్ని కొండ మనుషుల మొరటుతనంగా చూపిస్తారు. నాకు అది నచ్చదు. ఆ పగ అన్నేళ్లు సాగడానికి నది ఒక పెద్ద కారణం. ఒక ఒడ్డున హత్య చేసి రెండో ఒడ్డుకు చేరితే ఇంకో రాష్ట్రం, ఇంకో గవర్నర్, ఇంకో షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి). నిందితులను అప్పగించే విషయంలో రెండు రాష్ట్రాలూ గొడవ పడ్డాయి. కెంటకీ వాళ్లు నది దాటొచ్చి మనుషులను ఎత్తుకెళ్తే ఆ కేసు 1888లో అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. ఎత్తుకొచ్చిన తీరు తప్పైనా సరే విచారణ ఆగదని కోర్టు తేల్చింది. 1890 ఫిబ్రవరిలో పైక్ కౌంటీ కేంద్రం పైక్‌విల్‌లో ఒకరిని ఉరి తీశారు. పగ దాదాపు అక్కడితో చల్లారింది.

ఆ తర్వాత రైలు వచ్చింది. 1892 నాటికి నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే వాళ్లు టగ్ ఫోర్క్ వెంబడి ఒహాయో వైపు లైను పూర్తి చేశారు. ఉన్న చదును నేలలో మంచి ముక్క పట్టాల కిందికి పోయింది. స్టేషన్ చుట్టూ నాలుగు దుకాణాలు, హోటల్, బ్యాంకు వెలిశాయి. అదే మేట్‌వాన్. 1895లో లోగన్ కౌంటీని చీల్చి మింగో కౌంటీ చేశారు. ఇప్పటికీ ఆ రాష్ట్రంలో అన్నిటికన్నా చిన్న వయసు కౌంటీ ఇదే. మిగిలిన నేలను, దాని కింది బొగ్గును చాలావరకు బయటి కంపెనీలు కొనేశాయి. ఇళ్లు వాళ్లవి, కొట్టు వాళ్లది, చాలాచోట్ల జీతం కూడా కంపెనీ కొట్లో మాత్రమే చెల్లే టోకెన్ల రూపంలో ఇచ్చేవాళ్లు. పనికి స్థానికులతోపాటు దక్షిణాది నుంచి నల్లజాతివాళ్లు, ఇటలీ, హంగేరీ నుంచి వలసవాళ్లు వచ్చారు.

కంపెనీ క్వార్టర్స్‌లో పెరిగిన నాకు ఇక్కడ ఒక విషయం తట్టింది. మాకు రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలన్న టెన్షన్ ఉండేది. కానీ ఖాళీ చేస్తే పక్క కాలనీలో అద్దెకు ఇల్లు దొరికేది, ఊరికి వెళ్లిపోయే దారీ ఉండేది. మింగోలో కంపెనీ ఇల్లు పోతే ఆ లోయలో తల దాచుకోవడానికి ఇంకో జాగా లేదు. గని కార్మికుల యూనియన్‌లో చేరిన రోజే సామాను బయటకు విసిరేస్తారని తెలిసీ 1920 వసంతంలో వేలమంది సంతకం పెట్టారు.

ఇక 1920 మే 19. బాల్డ్విన్-ఫెల్ట్స్ అనే ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీ మనుషులు స్టోన్ మౌంటెన్ కోల్ కంపెనీ తరఫున రైల్లో దిగారు. తుపాకులతో వెళ్లి యూనియన్‌లో చేరిన కుటుంబాలను ఇళ్లలోంచి ఖాళీ చేయించారు. ఆ పని ముగించుకుని హోటల్లో భోంచేసి, సాయంత్రం రైలుకు స్టేషన్ వైపు నడుస్తుంటే పోలీస్ చీఫ్ సిడ్ హాట్‌ఫీల్డ్ ఎదురొచ్చాడు, మిమ్మల్ని అరెస్టు చేస్తున్నా అన్నాడు. ఏజెన్సీ వైపు ఆల్బర్ట్ ఫెల్ట్స్ నీ మీదే వారెంటు ఉంది అన్నాడు. మేయర్ కేబెల్ టెస్టర్‌మన్ ఆ కాగితం చూసి ఇది చెల్లదు అన్నాడు. అంతలో కాల్పులు మొదలయ్యాయి. మొదట పేల్చింది ఎవరన్నది అప్పుడూ తేలలేదు, ఇప్పుడూ తేలలేదు. ఏడుగురు డిటెక్టివ్‌లు, ఇద్దరు గని కార్మికులు, మేయర్, మొత్తం పదిమంది పోయారు. పాత పోస్టాఫీసు భవనం ఇటుక గోడలో ఆ తూటాల గుంతలు ఇంకా ఉన్నాయి, గుర్తులు పెట్టి చూపిస్తారు. వేలు పెట్టి చూడొచ్చు.

ఇక్కడ గమనించాల్సింది ఇంకోటి ఉంది. పక్క కౌంటీల్లో షెరీఫ్‌లు కంపెనీల పక్షాన ఉన్నారు. మేట్‌వాన్‌లో మాత్రం పోలీసు, మేయర్ కార్మికుల పక్షాన నిలబడ్డారు. కంపెనీ సొంతంగా కట్టించిన ఊళ్లో అయితే ఇది జరిగేది కాదు. మేట్‌వాన్ రైల్వే స్టేషన్ చుట్టూ పెరిగిన ఊరు. సొంత దుకాణదారులు, సొంత మునిసిపాలిటీ ఉన్నాయి. కంపెనీది కాని కాసింత నేల అక్కడ ఉందన్నమాట.

సిడ్ మీద కేసు నడిచింది, 1921లో జ్యూరీ నిర్దోషి అంది. అదే ఏడాది ఆగస్టు 1న వేరే కేసు కోసం వెల్చ్ అనే ఊరికి వెళ్తే, కోర్టు మెట్ల మీద అతన్నీ, అతని స్నేహితుడు ఎడ్ ఛేంబర్స్‌నూ ఏజెన్సీ మనుషులు కాల్చి చంపారు. ఇద్దరి భార్యలూ పక్కనే ఉన్నారు. ఎవరికీ శిక్ష పడలేదు. ఆ కోపంతో పదివేల మంది దాకా కార్మికులు మెడకు ఎర్ర రుమాళ్లు కట్టుకుని మింగో వైపు నడిచారు. అక్కడ పెట్టిన సైనిక శాసనం కింద జైళ్లలో వేసిన కార్మికులను విడిపించాలని వాళ్ల ఉద్దేశం. దారిలో లోగన్ కౌంటీలో బ్లెయిర్ మౌంటెన్ అడ్డం. ఆ కొండ మీద షెరీఫ్ డాన్ చాఫిన్ మనుషులు మెషిన్‌గన్‌లతో కాపు కాశారు, అద్దె విమానాల్లోంచి నాటు బాంబులు కూడా వేశారు. చివరికి ఫెడరల్ సైన్యం దిగాక కార్మికులు వెనక్కి తగ్గారు. అంతర్యుద్ధం తర్వాత అమెరికా చూసిన అతి పెద్ద సాయుధ తిరుగుబాట్లలో ఇది ఒకటి. యూనియన్ అక్కడ మళ్లీ తలెత్తడానికి 1933 దాకా పట్టింది.

మా సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో మొదలైంది కూడా 1920 డిసెంబర్‌లోనే. ఏటా డిసెంబర్ 23న ఖనిలో సింగరేణి డే వేడుకలు చూస్తూ పెరిగిన నాకు ఆ తేదీల దగ్గరితనం చిత్రంగా అనిపించింది. అంతకుమించి పోలిక లాగను.

తర్వాతి కథ నదిది. వాలు కొండలు, పలచటి మట్టి, ఇరుకు లోయ. గట్టిగా వాన పడితే నీళ్లు ఆగే చోటు ఉండదు, గంటల్లో టగ్ ఫోర్క్‌లోకి దిగుతాయి. 1977 ఏప్రిల్‌లో వచ్చిన వరద మేట్‌వాన్‌నూ, కౌంటీ కేంద్రం విలియమ్సన్‌నూ ముంచేసింది. ఆ వరద గురించి నా ముసలి పేషెంట్లు నిన్న జరిగినట్టు చెప్తారు. ఒక పెద్దావిడ బీపీ చూస్తున్నంతసేపూ తమ ఇంటి పియానో ఎటు కొట్టుకుపోయిందో వర్ణించింది, బీపీ మళ్లీ చూడాల్సొచ్చింది. తర్వాత ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (అమెరికా సైన్యంలోని ఇంజనీర్ల విభాగం) వాళ్లు ఊరికీ నదికీ మధ్య పెద్ద కాంక్రీటు గోడ కట్టారు. దాని మీద ఊరి చరిత్ర బొమ్మలుగా చెక్కి ఉంటుంది. దారి ఉన్నచోట గేట్లు ఉంటాయి, వరద వస్తోందంటే మూసేస్తారు. 2025 ఫిబ్రవరిలో కూడా టగ్ ఫోర్క్ లోయలో పెద్ద వరదే వచ్చింది.

నేనున్న పైక్‌విల్‌లో ఇంకో మార్గం పట్టారు. లెవిసా ఫోర్క్ నది ఊరి చుట్టూ మెలిక తిరిగి తరచూ ముంచుతోందని, 1973 నుంచి 1987 దాకా కొండనే కోసి నదిని, రైలును, రోడ్డును ఆ కోతలోంచి పంపించారు. దాదాపు 1.8 కోట్ల ఘనపు గజాల రాయి, మట్టి తవ్వి, ఆ మట్టితో పాత నదీగర్భం నింపి చదును చేశారు. ఆ నింపిన నేల మీదే ఇప్పుడు ఎన్నో భవనాలు ఉన్నాయి. చదును నేల అంటే అక్కడివాళ్లకు ఎంత విలువో దీన్నిబట్టే చెప్పొచ్చు.

ఇప్పుడు బొగ్గు పని బాగా తగ్గింది. ఉన్నవాళ్లలో బ్లాక్ లంగ్ అనే, గని దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు పెరిగింది. మిగిలిన పొరలు సన్నవి కాబట్టి బొగ్గుతోపాటు రాయినీ కోయాల్సి వస్తుంది, ఆ సిలికా దుమ్ము బొగ్గు దుమ్ముకన్నా ప్రమాదం. మధ్య అపలాచియాలో పాతికేళ్లు పైబడి పనిచేసిన గని కార్మికుల్లో ఐదుగురిలో ఒకరికి బ్లాక్ లంగ్ ఉందని 2018లో ప్రభుత్వ పరిశోధకులే చెప్పారు. నొప్పి మాత్రల వ్యసనం గురించి వేరే పోస్టు రాయాలి, ఇక్కడ ఇరికించలేను.

చూడదగ్గదేనా అన్నారు కదా, నా మటుకు తప్పకుండా. రాష్ట్ర రాజధాని చార్లెస్టన్ నుంచి 119 నంబరు హైవే మీద విలియమ్సన్ దాకా వచ్చి, అక్కణ్నుంచి 49 నంబరు రాష్ట్ర రహదారి పట్టుకుంటే నది పక్కనే మేట్‌వాన్ చేరతారు, మొత్తం రెండు గంటలు. వెస్ట్ వర్జీనియా మైన్ వార్స్ మ్యూజియం 2015లో స్థానికులు తెరిచింది. ఇప్పుడు పాత బ్యాంకు భవనంలో ఉంది. చిన్నదే కానీ బాగా చేశారు, అన్ని రోజులూ తెరవరు కాబట్టి ముందే కనుక్కోండి. వారాంతాల్లో హాట్‌ఫీల్డ్-మెకాయ్ ట్రెయిల్స్ అనే కొండ బాటల కోసం వచ్చే ఏటీవీలు (కొండదారుల్లో నడిపే నాలుగు చక్రాల చిన్న బండ్లు) వీధుల్లో మోత మోగిస్తుంటాయి. ఆ ఊరికి ఇప్పుడు డబ్బు తెచ్చేది అవే, విసుక్కోకండి. ప్రశాంతంగా చూడాలంటే శని, ఆదివారాలు కాని రోజుల్లో వెళ్లండి. ఫోన్ సిగ్నల్ లోయల్లో పోతుంది, మ్యాపు ముందే దించుకోండి. పెట్రోలు విలియమ్సన్‌లో కొట్టించుకోండి. శాకాహారులైతే తినడానికి కూడా కాస్త కట్టుకెళ్లడం మంచిది.