బడిలో మూత్రం ఆపుకునే పాపకు ఏం నేర్పాలి?

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు, ఒకటో తరగతి చదువుతోంది. బడిలో బాత్రూంకి వెళ్లదు, సాయంత్రం ఇంటికి రాగానే పరుగెడుతుంది. ఈ ఏడాది రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. శుభ్రత గురించి ఎంత చెప్పినా తలకెక్కడం లేదు. బయటివాళ్లతో జాగ్రత్తగా ఉండాలని కూడా చెప్పాలనుంది గానీ, భయపడుతుందేమోనని సంకోచిస్తున్నాను. – ఒక తల్లి, నల్లగొండ

జవాబు: అమ్మా, మీరు అడిగినవి రెండు విషయాలైనా, ఆరేళ్ల పాపకు వాటిని కలిపే నేర్పవచ్చు. ముందుగా ఆమె బడిలో ఎందుకు వెళ్లడం లేదో కోప్పడకుండా అడగండి. తలుపుకు గడియ లేకపోవడం, నీళ్లు రాకపోవడం, టీచర్‌ను అడగాలంటే భయం, లెగ్గింగ్ విప్పుకోలేకపోవడం, పెద్ద పిల్లలు తలుపు తట్టి ఏడిపించడం వంటివి చాలామంది పిల్లలు అడిగితే తప్ప చెప్పరు. ఒకసారి మీరే వెళ్లి ఆ బాత్రూం చూసి రండి.

ఆరేళ్ల పిల్లల మూత్రాశయంలో సుమారు 240 మి.లీ. పడుతుంది. గంటల తరబడి ఆపుకుంటే నిలిచిన మూత్రంలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. ఆడపిల్లల్లో మూత్రనాళం పొట్టిగా, మలద్వారానికి దగ్గరగా ఉండటం వల్ల ఈ ముప్పు ఎక్కువ. మలబద్ధకం ఉంటే అది మూత్రాశయాన్ని నొక్కి, సమస్యను ఇంకా పెంచుతుంది కాబట్టి విరేచనం సాఫీగా అవుతోందో లేదో కూడా గమనించండి.

"వస్తే వెళ్లు" అని చెబితే ఈ వయసు పిల్లలు ఆటలో పడి మరిచిపోతారు. ఇంట్లో బయలుదేరే ముందు, ఇంటర్వెల్‌లో, భోజనం వేళ, తిరిగి ఇంటికి రాగానే వెళ్లాలని వేళలు పెట్టి, క్లాస్ టీచర్‌కూ ఆ మాట చెప్పి ఉంచండి. బాత్రూంకి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడమే మానేసే పిల్లలున్నారు. సాయంత్రం సీసా నిండుగా తిరిగొస్తుంటే అదే కారణం కావచ్చు. కడుక్కునేటప్పుడు చెయ్యి ముందు నుంచి వెనక్కే పోవాలన్నది స్నానం చేయిస్తూ చూపించి, తర్వాత ఆమెతోనే చేయించండి. ఆపైన సబ్బుతో కనీసం 20 సెకన్లు, బొటనవేళ్లు, వేళ్ల సందులు, గోళ్ల కింద కూడా రుద్దించండి. రాత్రిపూట మలద్వారం దగ్గర దురద పెడుతోందంటే నులిపురుగులు ఉన్నాయేమో చూపించండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రను మాన్పించవద్దు.

ఇక భద్రత మాట. దానికి స్నానం వేళకు మించిన సమయం లేదు. శరీర భాగాల పేర్లను సిగ్గుపడకుండా పలికి, "చెడ్డీ కప్పే చోట్లు నీవి, వాటిని ఎవరూ తాకకూడదు, చూడకూడదు, వాళ్లవి చూడమన్నా, ముట్టుకోమన్నా తప్పే, డాక్టరైనా అమ్మ పక్కన ఉన్నప్పుడే చూడాలి" అని మామూలు గొంతుతో చెప్పండి. బయటివాళ్ల గురించే హెచ్చరిస్తే సరిపోదు. పిల్లలపై అఘాయిత్యాలకు పాల్పడేవారిలో అత్యధికులు ఇంటికి, ఇరుగుపొరుగుకు తెలిసినవాళ్లే. అందుకే చుట్టాలకు ముద్దు పెట్టమని, ఒళ్లో కూర్చోమని బలవంతపెట్టడం మానండి, ఆ వచ్చినవారు మీ పెద్దలైనా సరే. ఎవరైనా "అమ్మకు చెప్పొద్దు" అంటే ఆ మాటే ముందుగా మీకు చెప్పాలని నేర్పండి. ఇలా రోజూ కొద్దికొద్దిగా చెబితే పిల్లలు భయపడరు. ఎప్పుడో ఒకసారి కంగారుగా చెప్పినప్పుడే భయపడతారు.

పాప ఏదైనా చెబితే "నువ్వెందుకు వెళ్లావు?" అని అడగకండి. "చెప్పి మంచిపని చేశావు" అనండి. సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 ఉంది. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా వర్తిస్తుంది కాబట్టి, కొడుకు ఉన్న తల్లిదండ్రులూ ఇవన్నీ నేర్పాలి.

రెండుసార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది గనుక ఒకసారి పిల్లల డాక్టర్‌కు చూపించి, మూత్రపిండాలకు అల్ట్రాసౌండ్ స్కాన్ అవసరమా అని అడగండి. మళ్లీ మంట వస్తే యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే యూరిన్ కల్చర్‌కు (మూత్రంలో ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్షకు) నమూనా ఇవ్వండి. చలిజ్వరం, వాంతులు, నడుము నొప్పి ఉంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. జననాంగాల దగ్గర గాయం, రక్తం కనిపించినా, ఎవరినైనా చూసి పాప అకస్మాత్తుగా బెదురుతున్నా, ఆ సంగతి దాచకుండా డాక్టర్‌కు విడిగా చెప్పండి.