సముద్రం మీద విమానం ఎందుకు మాయమవుతుంది?

ప్రశ్న: మా అబ్బాయి సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న చెన్నైలో రాత్రి 11కి ఎక్కితే ఉదయం 5.45కి దిగాడు. అంతకుముందు వచ్చేటప్పుడేమో అక్కడ రాత్రి 8కి ఎక్కి ఇక్కడ 9.45కే దిగాడు. ఒకే దూరానికి ఇంత తేడానా? పైగా ఫోన్‌లో ట్రాకర్ పెట్టుకుని చూస్తుంటే సముద్రం మీదికి వెళ్లాక విమానం కనిపించకుండా పోయింది. ఒకటే టెన్షన్ పడ్డాను.
- ఒక అమ్మ, పెరంబూర్, చెన్నై

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం అమ్మా. విమానం తానెక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో రేడియో సంకేతాల ద్వారా ఎప్పటికప్పుడు చెబుతూనే ఉంటుంది. నేల మీది రిసీవర్లు వాటిని పట్టుకుంటే ట్రాకర్ యాప్ మ్యాప్‌లో చూపిస్తుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, విమానం ఎంత ఎత్తున ఎగిరినా సుమారు 400 కిలోమీటర్లు దాటాక రిసీవర్‌కు అందదు. బంగాళాఖాతం మధ్యలో రిసీవర్ పెట్టడానికి నేలేదీ? అందుకే యాప్ అక్కడ అంచనాతో బొమ్మను నడిపిస్తుంది, లేదా తీసేస్తుంది. సుమత్రా ఉత్తర కొస దగ్గరపడ్డాక మామూలుగా మళ్లీ కనిపిస్తుంది. విమానం మాత్రం ఎక్కడా ఆగలేదు. ఇంకోసారి అలా మాయమైతే ఫోన్ పక్కన పెట్టి నిశ్చింతగా పడుకోండి.

ఇక సమయం. టికెట్‌లో ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. వెళ్లేటప్పుడు కనిపించే 6.45 గంటల్లోంచి రెండున్నర తీసేయండి, వచ్చేటప్పటి 1.45కు రెండున్నర కలపండి. రెండూ 4.15 గంటలే. దూరం దాదాపు 2,900 కిలోమీటర్లు. గంటకు 850 చొప్పున మూడున్నర గంటలు కూడా పట్టదు కదా అనిపిస్తుంది. రన్‌వే దాకా వెళ్లడం, పైకెక్కడం, దిగడం, గేటు చేరడం అన్నీ టికెట్ లెక్కలో ఉంటాయి.

మీ అబ్బాయికి ఒక్క మాట చెప్పండి. నేనోసారి చెన్నైలో కూర్చుని నా తిరుగు ఫ్లైట్ ‘రాత్రి 8’ అని ఫోన్ క్యాలెండర్‌లో రాసుకున్నాను. ఫోన్ దాన్ని మన టైమ్ అనుకుంది. సింగపూర్‌లో దిగాక అదే 10.30 అయిపోయింది. అక్కడి లిటిల్ ఇండియాలో దోసె తింటూ ఎందుకో టికెట్ తీసి చూడబట్టి సరిపోయింది. అప్పటికే 5.20! రాసుకునేటప్పుడే టైమ్‌జోన్ దగ్గర సింగపూర్ ఎంచుకుంటే ఈ తిప్పలుండవు.

ప్రశ్న: బెంగళూరు నుంచి టోక్యోకు మ్యాప్‌లో గీత వంకరగా వస్తోంది. చుట్టూ తిప్పి తీసుకెళ్తారా?
- ఒక ఐటీ ఉద్యోగి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: లేదండీ. గ్లోబు మీద దారం లాగి చూడండి, అదే దగ్గరి దారి. దాన్ని చదును మ్యాప్‌లో గీస్తే వంగినట్టు కనిపిస్తుంది. దూరం సుమారు 6,700 కిలోమీటర్లు. గూగుల్ మ్యాప్స్‌లో దూరం కొలిచే టూల్ కూడా ఇలాగే లెక్కగడుతుంది. అయితే పైన పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలి వెళ్లేటప్పుడు తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. చలికాలంలో జపాన్ మీద అది మరీ జోరుగా ఉంటుంది. కాబట్టి తిరిగొచ్చాక బెంగళూరు నుంచి ఏ విజయవాడకో ఇంకో ఫ్లైట్ ఎక్కాలనుకుంటే, వెళ్లడానికి పట్టిన సమయంతో లెక్కేసుకుని దాన్ని బుక్ చేసుకోకండి. తిరుగు టికెట్‌లో ఉన్న ల్యాండింగ్ టైమ్ చూసే చేసుకోండి.