పంగలకర్ర పిల్లోణ్ణి మళ్ళీ పిలువు

అమ్మాయీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఫోన్ చేసి చెప్పొచ్చు గానీ, ఫోన్లో మొత్తం నువ్వే మాట్లాడతావు, నాకు సందివ్వవు. అందుకని రాస్తున్నా. తీరిగ్గా చదువు.

బడిలో హరితదళం, అదే పిల్లల పర్యావరణ సంఘం, బాధ్యత నీ నెత్తిన పెట్టారన్నావు. "మీరు సైన్సు కదా మేడమ్" అన్నారంటేనే అర్థమైంది, మిగతావాళ్ళంతా అప్పటికే తప్పించుకున్నారని. నా సర్వీసులోనూ ఇదే తంతు. మొదటిరోజు భూతాపం గురించి ముప్పావుగంట చెప్పావట, పిల్లలు ఆవులించారట. చివర్లో ఎనిమిదో తరగతి పిల్లోడి సంచిలో పంగలకర్ర, చచ్చిన గువ్వ బయటపడితే వాణ్ణి అందరి ముందూ నిలబెట్టి తిట్టి, పంగలకర్ర విరిచేశావట. వాడు మళ్ళీ హరితదళం వైపు రాలేదట.

ఆవులింతల సంగతి తర్వాత చూద్దాం. ముందు నువ్వు చేయాల్సింది ఆ పిల్లోణ్ణి మళ్ళీ పిలవడం. మీ బడి మొత్తంలో పిట్టలు తెలిసినవాడు బహుశా వాడొక్కడే. గువ్వ ఏ వేళకు నీళ్ళకొస్తుందో, ఎంత దగ్గరికి పోతే లేస్తుందో, ఏ కొమ్మ మీద వాలుతుందో తెలియకుండా రాయి తగలదు. నువ్వు ఎమ్మెస్సీ చదివావు, నేను ముప్పైనాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. మనిద్దరికీ ఆ సంగతులు తెలీవు.

నేనూ ఇలాంటి తప్పే చేశాను, ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. సర్వీసులో చేరిన కొత్తలో తొమ్మిదో తరగతిలో ఒకడుండేవాడు. వాడూ వాళ్ళ నాయనా చేలగట్ల మీద ఉచ్చులు పెట్టి కౌజుపిట్టలు పట్టేవాళ్ళు. నేను ఆ నాయనను బడికి పిలిపించి, చట్టం, జైలు అని బెదిరించాను. వారం తిరక్కుండా పిల్లోడు బడి మానేశాడు. పదేళ్ళ తర్వాత బస్టాండులో కనపడి, పలకరించి, టీ తాగించి, అప్పుడన్నాడు: "సార్, మీరు ఆ రోజు పాఠంలో కౌజు చెట్టు మీద గూడు కడతాదని చెప్పినారు. అది నేల మీద, గడ్డి దుబ్బు కింద పెడతాది సార్ గుడ్లు." వాడు చెప్పిందే నిజం. పదేళ్ళు ఆ మాట కడుపులో పెట్టుకున్నాడు. ఆ రోజు క్లాసులో అది చెప్పే చోటు నేను వాడికి ఇవ్వలేదు.

సలీం అలీ పేరు నీకు తెలుసు. మన దేశంలో పక్షుల గురించి మాట్లాడితే ఆయన పేరు లేకుండా కుదరదు. ఆయన మొదలుపెట్టింది దేనితో అనుకున్నావు? చిన్నప్పుడు ఆటతుపాకీతో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది, మామూలు పిచ్చుకలా లేదు. అదేమిటో తెలుసుకోవాలని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకుపోయాడు. అక్కడ కార్యదర్శిగా ఉన్న మిల్లర్డ్ దొర పిల్లోణ్ణి తిట్టలేదు. పిట్ట పేరు చెప్పి, బీరువాలు తెరిచి, గడ్డి కూరి దాచిన వందల పక్షుల్ని చూపించాడు. ఆ దొర మన పద్ధతిలో చెవి మెలేసి పంపించి ఉంటే ఏమయ్యేదో!

ఇక మన లంకమల సంగతి. మీ బడి కిటికీలోంచి కనపడే కొండలే అవి, కాబట్టి కలివికోడి కథ నీకు కంఠస్థం కావాలి. 1848 ప్రాంతంలో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు ఈ పిట్టను లోకానికి తెలియజేశాడు. 1900 తర్వాత ఇది ఎవరికీ కనపడలేదు, అంతరించిందనే అనుకున్నారు. ఎనభైల్లో బొంబాయి సొసైటీ వాళ్ళు మళ్ళీ వెతకడానికి వచ్చి, పిట్ట బొమ్మను ఊళ్ళల్లో చూపించి, తెలిస్తే చెప్పమన్నారు. చివరికి 1986 జనవరిలో పట్టుకున్నది ఎవరు? ఐతన్న. మన ప్రాంతం మనిషే, అడివి తెలిసినవాడు. రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టి తెచ్చాడు. పాపం, ఆ పిట్ట బతకలేదు. తొంభైకి దగ్గరపడ్డ సలీం అలీ కబురందగానే కడపకొచ్చాడు. చిన్నప్పుడు పిచ్చుకను కొట్టిన చెయ్యీ, కలివికోడిని పట్టిన చెయ్యీ అలా ఒకచోట చేరాయి. 1988లో లంకమలేశ్వర అభయారణ్యం వచ్చింది, తర్వాత ఈ పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చాల్సి వచ్చింది. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఐతన్న దగ్గర కాసేపు ఆగు. పేపర్లలో ఆయన పేరు ఒక్క వాక్యంలో అయిపోతుంది, నీ క్లాసులో అలా కాకూడదు. ఇంకోటి, "కలివికోడి" అన్న పేరు ఏ శాస్త్రజ్ఞుడూ పెట్టలేదు. కలివి పొదల్లో తిరుగుతుందని మనవాళ్ళు పెట్టుకున్న పేరది.

మరి వాణ్ణి పిలిచి ఏం చెప్పాలంటావా? చెప్పొద్దు, అడుగు. "రేయ్, గిజిగాళ్ళు ఎక్కడ గూళ్ళు కడుతున్నాయో చూపిస్తావా?" అను చాలు. ఇప్పుడు వానలు పడుతున్నాయి, ఇదే సరైన కాలం. ఏ దిగుడుబావి మీదికో వంగిన తుమ్మచెట్టుకో, ఈతచెట్టుకో గూళ్ళు వేలాడుతూ ఉంటాయి. వాడికి ఆ చెట్లన్నీ తెలిసే ఉంటాయి. శనివారం మధ్యాహ్నం పదిమందిని తీసుకుపో, అంతకంటే ఎక్కువ వద్దు. బావిగట్టు జాగ్రత్త, దూరంగా చెట్టునీడన కూచోబెట్టు. గంటసేపు నోరెత్తకుండా చూడమను. మొదటి పది నిమిషాలు గోలే. తర్వాత వాళ్ళంతట వాళ్ళే గుసగుసలాడ్డం మొదలుపెడతారు.

చూడ్డానికి చాలా ఉంది. తల మీద పసుపు రాసుకున్నట్టుండేది మగది, ఈ కాలంలో మాత్రమే దానికా రంగు. గూడు కట్టేదంతా అదే. గడ్డిపరక అంచు కొరికి, ఎగురుతూ చీల్చుకుని తెస్తుంది. గూడు సగమై, బోర్లించిన టోపీలా ఉన్నప్పుడు ఆడది వచ్చి లోపల దూరి చూస్తుంది. నచ్చితే మగది కింద గొట్టం కట్టి పూర్తి చేస్తుంది, నచ్చకపోతే ఆ సగం గూడు అట్లాగే వేలాడుతుంది. ఇల్లు చూడ్డానికొచ్చిన పెళ్ళికూతురు తరపువాళ్ళలాగా అని నేను చెబితే క్లాసంతా నవ్వేది. సగం గూళ్ళెన్ని, పూర్తయినవెన్ని లెక్కపెట్టమను. గూళ్ళు చెట్టుకు ఏ దిక్కున ఉన్నాయో చూడమను. చాలాచోట్ల తూర్పువైపే ఎక్కువ కనపడతాయి, పడమటి నుంచి కొట్టే వానగాలికి చెట్టే అడ్డం కాబట్టి. ఇది నువ్వు ముందే చెప్పేయొద్దు సుమా. వాళ్ళే లెక్కేసి, ఎందుకని నిన్ను అడగాలి.

"మిణుగురు పురుగుల్ని మట్టిలో అతికించి గూట్లో దీపం పెట్టుకుంటుందంట కదా మేడమ్" అని ఒకరైనా అడుగుతారు. గూట్లో మట్టిముద్దలుండేది నిజమే, దీపం సంగతి నేనైతే చూడలేదు. కాలం దాటి, రాలిపడ్డ పాత గూడు దొరికితే విప్పి చూద్దామను. గుడ్లో పిల్లలో ఉన్న గూడు జోలికి మాత్రం ఎవరూ పోకూడదు. ఆ ఒక్కదాంట్లో కఠినంగా ఉండు.

పిల్లలు అడిగినవాటిలో సగానికి పైగా నీకు జవాబు తెలియదు. "నాకు తెలీదురా, ఎవర్నడుగుదాం?" అను. ఆ మాట అనడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది, సిగ్గుపడి. అన్నాకగానీ మేకలకాపరి తాతలు, చెరువులో వల వేసేవాళ్ళు మా బడికి రావడం మొదలుపెట్టలేదు. ఇప్పుడు ఫోన్లో పిట్ట కూత వినిపిస్తే పేరు చెప్పే ఆప్‌లున్నాయట. వాడుకోండి. కానీ ముందు పిల్లలు పుస్తకంలో రాసుకోవాలి: ఎంత పెద్దది, ముక్కు ఎట్లుంది, ఏం తింటోంది, ఊళ్ళో దాన్నేమంటారు. ఊరి పేరు రాసుకున్నాకే ఫోను.

భూతాపం సంగతి. పన్నెండేళ్ళ పిల్లకు లోకం మునిగిపోతోందని చెబితే ఏం చేస్తుంది? భయపడుతుంది, లేదా ఆవులిస్తుంది. ఆవులించారంటే మంచిదే. పోయినవాటి గురించి చెప్పాలనుకుంటే ఒక పని చెయ్యి. ఇంట్లో అవ్వనో తాతనో అడిగి, వాళ్ళ చిన్నప్పుడుండి ఇప్పుడు కనపడని పిట్ట ఒకటి రాసుకు రమ్మను. సగం మంది రాబందు అని రాసుకొస్తారు. ఎద్దు చచ్చి ఊరవతల పడేస్తే ఆకాశంలో చుక్కల్లా మొదలై, కాసేపట్లో ఎముకలు మిగిల్చి పోయేవి. నేనూ చూశాను. అప్పుడు నువ్వు నోట్సు తీసి డైక్లోఫెనాక్ కథ చెప్పు. పశువుల నొప్పులకు వేసే మందది. ఆ మందు వేసిన పశువు చస్తే, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు చెడిపోయాయి. కొన్ని జాతులు నూటికి తొంభైకి పైగా పోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకూడదన్నారు. అవ్వ చెప్పిన పిట్ట, పశువుల డాక్టరు సూది, రెండూ ఒకే కథలో కలిసినప్పుడు ఎవరూ ఆవులించరు.

మొక్కలు నాటే కార్యక్రమం మీద నాకు పెద్ద గౌరవం లేదు. ఒక ఏడు మా బడిలో రెండొందల మొక్కలు నాటాం, ఫొటోలు దిగాం, పేపర్లో వచ్చింది. ఎండాకాలం సెలవులయ్యాక చూస్తే మూడు మిగిలాయి. మేకలదీ తప్పు కాదు, ఏప్రిల్ మేలో నీళ్ళెవరు పోస్తారని మాలో ఎవరం అడగలేదు. పైనుంచి లెక్క చూపమంటే నాటక తప్పదు, నాకూ తెలుసు. పది నాటు. ఒక్కో మొక్క బడి పక్కనే ఇల్లున్న ఇద్దరు పిల్లలకు అప్పగించు. వేప, కానుగ, రావి, చింత ఏదైనా పెట్టు, ఊరికే వచ్చాయని కోనోకార్పస్ మాత్రం పెట్టొద్దు. పచ్చగా, నిటారుగా బాగానే ఉంటుంది, కానీ దానికింద నిలబడి ఎన్ని పిట్టలు వాలాయో లెక్కపెట్టి చూడు.

పాముల విషయం నువ్వడగలేదు, అయినా చెప్పాలి. ఉత్సాహం వచ్చిన పిల్లలు చేసే మొదటి పొరపాటు అదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుకపింజరి, ఈ నాలుగింటి బొమ్మలు గోడ మీద పెట్టు. జెర్రిపోతు విషం లేనిదని, చేలో ఎలుకల్ని తినేది అదేనని చెప్పు. కానీ ఏ పామునూ, జెర్రిపోతునైనా సరే, పట్టుకోకూడదు, కర్రతో కదపకూడదు. టీవీల్లో పాములు పట్టేవాళ్ళను చూసి మనవాళ్ళు హీరోలమనుకుంటారు. కరిస్తే మంత్రం, నాటువైద్యం, బ్లేడుతో కోయడం ఏవీ వద్దు, నేరుగా విషానికి విరుగుడు సూదిమందున్న ఆసుపత్రికే. ఆ ఆసుపత్రి ఏదో, ఎంత దూరమో నువ్వు ఇప్పుడే కనుక్కుని పెట్టుకో. అభయారణ్యం లోపలికి అనుమతి లేకుండా ఒక్కడుగు కూడా వేయించొద్దు. లోపలికి పోవాల్సిన పని కూడా లేదు, బడి చుట్టూ ఉన్నదే ఏడాదికి సరిపోతుంది.

దసరాకు ముందు పాలపిట్ట గురించి మాట్లాడు. పండగనాడు దాన్ని చూస్తే మంచిదని కొన్నిచోట్ల పట్టుకొచ్చి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి డబ్బులకు చూపిస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఇంట్లో రామచిలుకను పంజరంలో పెట్టుకోవడం కూడా నేరమే, చాలామందికి తెలీదు. అయితే నేను చట్టంతో మొదలుపెట్టను, ఒకసారి దెబ్బతిన్నాను కదా. దసరాకు వారం ముందు నుంచి పిల్లల్ని పొద్దున్నే కరెంటు తీగల మీద పాలపిట్టను వెతకమను. కూచున్నప్పుడు మట్టిరంగులో ఉంటుంది, ఎగిరినప్పుడు ఆ నీలం బయటపడుతుంది. తానే వెతుక్కుని చూసిన పిల్ల, ఎవరైనా పంజరం పట్టుకుని వాకిట్లోకొస్తే ఏమంటుందో చూడు. వాళ్ళ నాయన జేబులోంచి పదిరూపాయలు కూడా తియ్యలేడు.

మళ్ళీ ఆ పిల్లోడి దగ్గరికి వస్తా. విరిచిన పంగలకర్రకు బదులు ఏదో ఒకటి ఇవ్వాలి. నా పాత బైనాక్యులర్ బీరువాలో ఉంది, ఒక కన్ను కాస్త మసక. ఆదివారం వచ్చే మీ అన్నతో పంపిస్తున్నా. అది హరితదళానికి కాదు, వాడి చేతికివ్వు. మిగతావాళ్ళు చూడాలంటే వాణ్ణడిగి తీసుకోవాలి. వాడు పంగలకర్ర మళ్ళీ చేసుకుంటాడా అంటే చేసుకుంటాడేమో. ఒక్క నెలలో మారకపోతే కోప్పడకు. వాళ్ళింట్లో పిట్టకూర తినే అలవాటుంటే ఇంకా టైము పడుతుంది. ఆ ఇంటికి ఒకసారి వెళ్ళి రా, ఫిర్యాదు చెయ్యడానికి కాదు, కూచుని మాట్లాడ్డానికి.

ఒకటి మాత్రం నిన్నట్నుంచీ నన్ను తొలుస్తోంది. గువ్వ అని రాసి ఊరుకున్నావు. ఏ గువ్వ? మెడ వెనక నల్ల అరపట్టీ ఉందా, నలుపు మీద తెల్లచుక్కలున్నాయా, లేక చిన్నదై, రొమ్ము మీద ఎర్రమట్టి రంగులో మచ్చలున్నాయా? నువ్వు చూసి ఉండవు. వాణ్ణడిగి రాయి.

మీ పెదనాయన