మీటర్‌లో 10 ఆంపియర్లు కనిపిస్తే పీక్ కరెంట్ (వేవ్ పైకొస దగ్గరి విలువ) 14.14 అనుకోవచ్చా, అదీ రెక్టిఫైయర్ (ఏసీని డీసీ చేసే డయోడ్లు), కెపాసిటర్ ఉన్న సర్క్యూట్‌లో?

హీటర్ అయితే కళ్లు మూసుకుని అనుకోవచ్చు. మీటర్ చూపే 10 ఆర్ఎంఎస్, అంటే అంతే వేడి పుట్టించే డీసీ కరెంట్ విలువ. దాన్ని రూట్ 2తో, అంటే 1.414తో గుణిస్తే సరి, పరీక్షలో మార్కులూ పడతాయి. కానీ మీరు రెక్టిఫైయర్, కెపాసిటర్ ఉన్న సర్క్యూట్‌ గురించి అడిగారు. అక్కడ ఆ లెక్క పనికిరాదు. రూట్ 2 సైన్ వేవ్‌కే చెల్లుతుంది. పుస్తకాల్లో ఈ ముక్క ఏ మూలో ఉంటుంది, బొమ్మలు మాత్రం ఎక్కడ చూసినా నున్నటి సైన్ వేవులే.

నా ఫ్రెండ్ ఒకడు కట్టిన పవర్ సప్లైలో ఇదే పేచీ. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, లావుపాటి కెపాసిటర్. లోడ్ 1.5 ఆంపియర్ల డీసీ. సెకండరీలో, అంటే ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్ వైపు, 2 ఆంపియర్ల ఫ్యూజ్. కాసేపు నడిచేది, తర్వాత ఫ్యూజ్ పోయేది. మీటర్ చూస్తే 1.7. "ఫ్యూజులే నాసిరకంరా" అని వాడి వాదన. సెకండరీకి సిరీస్‌లో 0.1 ఓమ్ రెసిస్టర్ వేసి ఆసిలోస్కోప్ తగిలించాం. (సెకండరీ కాబట్టి పర్వాలేదు, మెయిన్స్ వైపు ఇలా చేయకండి.) తెర మీద సైన్ వేవ్ జాడే లేదు. గీత చాలాసేపు సున్నా మీదే ఉంటుంది. వోల్టేజ్ పైకొసకి చేరబోతుండగా మేకు దిగ్గొట్టినట్టు సన్నటి పల్స్, ఎత్తు 0.7 వోల్టులు. అంటే 7 ఆంపియర్లు! మళ్లీ సున్నా, ఆ తర్వాత అదే పల్స్ కిందివైపుకి.

ఎందుకంటే, కెపాసిటర్‌లో ఉన్న వోల్టేజ్‌ని ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ దాటినప్పుడే డయోడ్లు కరెంట్‌ని వదులుతాయి. లోడ్ అర సైకిల్ పొడుగునా తాగే చార్జ్ అంతా ఆ కాస్త సేపట్లోనే దూరాలి.

ఇక మీటర్ సంగతి. మామూలు మీటర్ సగటు కొలిచి (కిందివైపు పల్స్‌నీ పైవైపుగానే లెక్కేసి), వచ్చింది సైన్ వేవే అనుకుని దాన్ని 1.11తో గుణించి, ఇదే ఆర్ఎంఎస్ అని చూపిస్తుంది. ఇక్కడ సగటు 1.5, అందుకే 1.7. ట్రూ ఆర్ఎంఎస్ మీటర్ పెడితే 2.8 వచ్చింది. ఫ్యూజ్ కాలింది దీనికి, 7కి కాదు. పల్స్ ఎత్తు చూసి బెంబేలెత్తి ఫ్యూజ్ సైజు పెంచేసేవాళ్లూ ఉన్నారు, అదింకో తలనొప్పి.

వైరు, ఫ్యూజ్ ఎంచుకోవడానికి ఆర్ఎంఎస్ చూడండి. డయోడ్లకి డేటాషీట్‌లో రిపిటిటివ్ పీక్ కరెంట్ అని విడిగా ఇస్తారు, మీ పల్స్ ఎత్తుని దానితో పోల్చుకోండి. ఆన్ చేసిన క్షణాన ఖాళీ కెపాసిటర్ లాగే సర్జ్ కరెంట్ ఇంకా ఎక్కువ, దాని రేటింగ్ వేరే వరుసలో ఉంటుంది.